నెత్తి మీద ఒట్టు



ఆదిపర్వంలోని కచదేవయానుల కథను తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆ కథ విన్న పిల్లలు సాధారణంగా రెండు ప్రశ్నలు అడిగేవారు. మృతసంజీవని నిజంగా ఉందా అన్నది మొదటిది. కచుడు దేవయానిని ఎందుకు కాదన్నాడు అన్నది రెండవది. దానిని పై తరగతుల వారు ముసిముసి నవ్వులు నవ్వుకుంటూ అడిగేవారు. 1991లో, నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో, ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు మూడవ ప్రశ్న అడిగాడు. ఆ ప్రశ్న నన్ను ఈనాటికీ వదలలేదు.

కథ మీకందరికీ తెలిసినదే. రాక్షసులు కచుణ్ణి చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యుని చేత తాగించారు. పొద్దు గుంకినా కచుడు రాలేదని దేవయాని విలపించింది. శుక్రుడు దివ్యదృష్టితో చూస్తే శిష్యుడు తన కడుపులోనే ఉన్నాడు. వాడు బయటికి రావాలంటే గురువు పొట్ట చీలాలి. ఇద్దరిలో ఎవరు పోయినా తాను బతకలేనని కూతురు కంటతడి పెట్టింది. చివరకు శుక్రుడు శిష్యునికి మంత్రం ఉపదేశించాడు. కచుడు బయటికి వచ్చి గురువును బతికించాడు. అప్పుడు శుక్రుడు ఒళ్ళు తెలియని స్థితిలో తాను చేసిన పనికి సిగ్గుపడి, మద్యపానం మహాపాతకమని కట్టడి చేశాడు.

అంతటితో పాఠం ముగించబోతున్నాను. వెనుక బల్ల మీద నుంచి ఆ పిల్లవాడు లేచి, "ఆ ముని మర్నాడు మళ్ళీ తాగలేదా సార్?" అన్నాడు.

తరగతి గొల్లుమన్నది. "పురాణాన్ని వెటకారం చేస్తావురా?" అని నేను గద్దించాను. వాడు తల వంచుకొని కూర్చున్నాడు. నిజానికి వాడి ముఖంలో వెటకారం లేదు. అది నాకు ఆ క్షణాననే తెలుసు. ఎలా తెలుసో చెప్పాలంటే నా సొంత కథ కొంత చెప్పవలసి ఉంటుంది. దానికి ముందు ఈ నేల మీద మద్యం చరిత్రను కొంత తడమాలి. ఆ చరిత్రలో ప్రభుత్వం ఉన్నది, పాటదారు ఉన్నాడు, తాగుబోతు ఉన్నాడు. 1992 తరువాత స్త్రీలు కూడా చేరారు. నాకు తెలిసినంతలో పిల్లలకు మాత్రం అందులో ఒక అధ్యాయం లేదు.

మద్యం మీద మన పూర్వులకు రెండు మనసులు ఉండేవి. క్షీరసాగరమథనంలో అమృతంతో పాటు వారుణి కూడా పుట్టింది. మరో పక్క మౌసలపర్వంలో ద్వారకలో సుర కాచరాదని చాటింపు వేయించారు. అయినా యాదవులు ప్రభాసతీర్థానికి వెళ్ళి, తప్పతాగి, ఒకరినొకరు చంపుకున్నారు. నిషేధపు చాటింపు, దాని ఉల్లంఘన పక్కపక్కనే ఉండడం మనకు కొత్త కాదన్నమాట.

ఇంగ్లీషు వారి కాలంలో మద్యం పాపపుణ్యాల పద్దు నుంచి ఆదాయపు పద్దులోకి మారింది. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. సారా కాచే హక్కు, అమ్మే హక్కు వేలంపాటకు వచ్చాయి. 'సారా పాటలు' అన్న మాట ఈ ఏర్పాటు వల్లనే మన ఊళ్ళలో స్థిరపడింది. కల్లంగడి మీద కాంగ్రెసు వారి పికెటింగులు, కాళ్లకూరి నారాయణరావు గారి 'మధుసేవ' వంటి నాటకాలు దీనికి ఎదురుగా సాగిన ప్రయత్నాలు.

1937లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ఏర్పడి సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టింది. 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం అమలుకు వచ్చింది. రాజ్యాంగంలోని 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నించడం రాజ్యం బాధ్యత అని చెప్పింది. ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం 1954 నవంబరులో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయినది మద్యనిషేధ వివాదం మీదనే. ఒక ప్రభుత్వాన్నే కూల్చగలిగినంతటి ప్రశ్న అది.

ఇక నా కథ.

నేను పుట్టింది ఆ వివాదం సద్దుమణిగిన కొన్నేళ్ళకు. నా బాల్యంలో మా ప్రాంతంలో నిషేధం కాగితం మీద ఉండేది, సారా తాటితోపులో ఉండేది. మా నాయన సంతలో కాటా వేసేవాడు. తూకంలో చింతగింజంత తేడా రానివ్వడని పేరు. పొద్దున పూట ఆయనంత నెమ్మదస్తుడు ఊళ్ళో లేడు. సాయంత్రం ఏ నాయన వస్తాడో ఎవరికీ తెలిసేది కాదు.

ఆయన సైకిలుకు స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో నేను చెప్పగలిగేవాణ్ణి. ఒక్క తాపుకు స్టాండు పడితే అందరం అన్నాలు తింటాం. రెండు మూడుసార్లు కాలు జారితే చెల్లెలిని తీసుకొని పక్కింటి పెద్దమ్మ వసారాలోకి పోవాలి. సైకిలు గోడకు ఒరిగి కింద పడిన చప్పుడు వినిపిస్తే, అమ్మ చేతికందే చోట కత్తిపీట ఉండకూడదు, నాయన చేతికందే చోట రోకలి ఉండకూడదు. ఈ ఏర్పాట్లన్నీ చేసే బాధ్యత నాది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

ఒకనాడు పెద్దలు పంచాయతీ చేసి నాయనను నిలదీశారు. ఆయన ఏడ్చాడు. నన్ను దగ్గరకు పిలిచి, నా నెత్తిన చెయ్యి వేసి, ఇక ముట్టనని ఒట్టు పెట్టాడు. మన వైపు బిడ్డ నెత్తి మీద పెట్టిన ఒట్టు ఎంతటిదో మీకు తెలుసు. అది తప్పితే బిడ్డకే ముప్పు అని నమ్మకం. మూడు రోజులు నాయన ఒక్క తాపుకే స్టాండు వేశాడు. నాలుగోనాడు రాత్రి సైకిలు గోడకు ఒరిగి కింద పడింది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. నాయన కొడతాడని కాదు, తెల్లవారేసరికి నేను చచ్చిపోతానని. చెల్లెలికి నా పలక ఇవ్వాలని అమ్మకు చెప్పాలనుకున్నాను. చెబితే అమ్మ ఏడుస్తుందని ఊరుకున్నాను. తెల్లవారింది. నేను బతికే ఉన్నాను. అప్పుడు ఆ ఎనిమిదేళ్ళ బుర్రకు తోచిన ఆలోచన ఇది: 'ఒట్టు తప్పినా నాకేమీ కాలేదంటే, నేను నాయనకు అంత ముఖ్యం కాదేమో.' ఈ మాట ఇంతవరకు నేను ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఈ సంగతులను శాస్త్రజ్ఞులు పట్టించుకున్నది ఈ మధ్యకాలంలోనే. 1981లో క్లాడియా బ్లాక్ అనే అమెరికన్ రచయిత్రి, తాగుబోతుల ఇళ్ళలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే మూడు నియమాలు నేర్చుకుంటారని రాసింది. ఇంటి సంగతి బయట మాట్లాడకపోవడం, ఎవరినీ నమ్మకపోవడం, లోపలి బాధను తాము కూడా గుర్తించకపోవడం ఆ మూడు. నా యాభయ్యవ ఏట ఆ విషయం చదివినప్పుడు, మా ఇంట్లోకి తొంగి చూసి రాసినట్లుగా అనిపించింది. 1998లో కాలిఫోర్నియాలో పదిహేడు వేల మందికి పైగా పెద్దలను చేర్చుకొని సాగిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. బాల్యంలో ఇలాంటి కష్టాలు ఎన్ని ఎక్కువగా ఎదురైతే, పెద్దయ్యాక గుండెజబ్బు, మనోవ్యాధి, వ్యసనం వంటివి వచ్చే అవకాశం అంత ఎక్కువని అందులో తేలింది. ఇంట్లో తాగుబోతు ఉండడం ఆ కష్టాల జాబితాలో ఒకటి.

తండ్రి తాగితే కొడుకూ తాగుతాడన్న మాట మన ఊళ్ళలో సామెతలా వినిపిస్తుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. 1973లో డెన్మార్కులో గుడ్విన్ బృందం, పసితనంలోనే దత్తత వెళ్ళిన మగపిల్లల మీద పరిశోధన చేసింది. కన్నవారిలో తాగుబోతు ఉన్న పిల్లలు వేరే ఇంట పెరిగినప్పటికీ, మిగిలిన దత్తపుత్రుల కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువగా ఆ వ్యసనంలో పడ్డారు. అయితే వారిలో కూడా ఎక్కువమంది పడలేదన్నది అదే పరిశోధనలోని రెండవ సగం. మన సామెత ఆ సగాన్ని వదిలేసింది. నేను తాగలేదు. కానీ ఇప్పటికీ రాత్రిపూట వీధిలో సైకిలు స్టాండు చప్పుడైతే మెలకువ వస్తుంది. నా భార్య మొదట్లో నవ్వేది. తరువాత నవ్వడం మానేసింది.

మళ్ళీ చరిత్రలోకి వస్తాను. 1983లో అధికారానికి వచ్చిన ప్రభుత్వం హయాంలో 'వారుణి వాహిని' అనే పేరుతో సారాను పాలిథీన్ ప్యాకెట్లలో పంచే పద్ధతి వచ్చింది. ఆ పేరు పెట్టిన వారెవరో గానీ సంస్కృతం తెలిసినవారే. పాలసముద్రంలో పుట్టిన వారుణి వాహినిగా, అంటే ఏరుగా, ఊరూరా పారింది. అంతకుముందు సారా కావాలంటే అంగడికి పోవాలి. ప్యాకెట్టు వచ్చాక అంగడే ఇంటికి వచ్చింది. రాష్ట్రానికి 1970-71లో సుమారు 39 కోట్ల రూపాయలుగా ఉన్న ఆబ్కారీ ఆదాయం 1991-92 నాటికి 800 కోట్లు దాటింది.

ఆ లెక్కలో చేరని సంగతి నేను బడిలో చూశాను. ప్యాకెట్టు చిన్నది, తేలికైనది, పగలదు. అంటే పిల్లలను పంపి తెప్పించుకోవచ్చు. పుస్తకాల సంచిలో ప్యాకెట్లు పెట్టుకొని వెళ్ళే పిల్లలను ఆ రోజుల్లో మేమందరం చూశాం. కచుని కథ విని ప్రశ్న అడిగిన పిల్లవాడు వారిలో ఒకడు. వాడు మధ్యాహ్నం తరగతుల్లో నిద్రపోయేవాడు. రాత్రి లాంతరు పట్టుకొని తండ్రిని వెతుక్కుంటూ తిరిగేవాడని నాకు తోటి పిల్లలు చెప్పారు. అది తెలిసి కూడా, నిద్రపోయినందుకు వాడి అరచేతి మీద బెత్తంతో కొట్టాను. ఇది ఎవరో కఠినుడైన మాస్టారి సంగతి కాదు. సైకిలు చప్పుడు వింటూ పెరిగిన నా సంగతి. వాణ్ణి చూస్తే నన్ను నేను చూసుకున్నట్లు ఉండేది. ఆ చూపును భరించలేక కొట్టానని చాలా ఏళ్ళకు గాని తెలుసుకోలేదు.

1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం 'అక్షరదీపం' పేరుతో మొదలైంది. రాత్రిబడుల్లో చదువుకొన్న స్త్రీలకు వాచకాలలోని కథలు తమ ఇళ్ళ కథలుగా కనిపించాయి. తాగి వచ్చినవారు రాత్రిబడులకే అడ్డుపడడం వారి కోపానికి మరో కారణం. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ వంటి స్త్రీలు ముందు నిలిచి సారా అంగడిని మూయించారు. ఆ ఊరి అనుభవం మలిదశ వాచకంలో పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. 1992లో ఊరూరా స్త్రీలు చీపుళ్ళు, కారప్పొడి పట్టుకొని అంగళ్ళ ముందు కూర్చున్నారు. జిల్లాలో సారా పాటలు పదేపదే వాయిదా పడ్డాయి.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు గారు ప్రమాణస్వీకార వేదిక మీదనే సంపూర్ణ మద్యనిషేధం దస్త్రం మీద సంతకం చేశారు. వారుణి వాహిని వచ్చినదీ ఆయన హయాంలోనే కనుక, ఆ సంతకంలో ఒక ప్రాయశ్చిత్తం కూడా ఉన్నదని నాకనిపించింది. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలైంది.

ఆ సంతకాన్ని టీవీలో చూస్తుంటే నా నెత్తిన ఒక చెయ్యి పడినట్లయింది. ఎందుకు ఉలిక్కిపడ్డానో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

1997లో నిషేధాన్ని సడలించారు. ఖజానా ఖాళీ అయిందన్నారు, పొరుగు రాష్ట్రాల సరుకు దొంగదారిన వస్తున్నదన్నారు. ఆ కారణాలు అబద్ధమని నేననను. సారా మీద నిషేధం మిగిలింది. మిగతా మద్యానికి తలుపులు తెరుచుకున్నాయి. తరువాత బెల్టు షాపులు వచ్చాయి. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దుకాణాలను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో అవి మళ్ళీ ప్రైవేటు వారి చేతికి వెళ్ళాయి. ఎవరు అమ్మాలన్న చర్చ ఇప్పటికి చాలాసార్లు జరిగింది.

నిషేధం వృథా అని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1993 తరువాతి రెండు మూడేళ్ళు మా బడిలో పిల్లల ముఖాలు తేటపడడం కళ్ళారా చూశాను. సంవత్సరం మొదట్లోనే నోటుపుస్తకాలు కొనుక్కొని వచ్చినవారు ఎక్కువయ్యారు. ఆడవారు సాధించిన ఆ కొద్ది కాలం ఎందరో బిడ్డలకు అన్నం పెట్టింది. నేను చెప్పదలచుకున్నది మరొకటి. శుక్రుని కట్టడి నుంచి 1994 సంతకం దాకా, మా నాయన ప్రమాణంతో సహా, ప్రతి నిషేధమూ ఎవరో ఒక బిడ్డ నెత్తిన చెయ్యి వేసి పెట్టిన ఒట్టే. తప్పినప్పుడు పెద్దలకు కారణాలు ఉంటాయి. ఒట్టు నెత్తిన మోసిన బిడ్డకు ఆ కారణాలు ఎవరూ చెప్పరు. తప్పు తనలోనే ఉందని వాడు తీర్మానించుకుంటాడు. అంగడిని ఒక ఉత్తర్వుతో మూయవచ్చు. రాత్రంతా కాపలా కాయడానికి అలవాటు పడిన చెవిని మూయించే ఉత్తర్వు ఏదీ లేదు.

అయితే దారి లేకపోలేదు. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు దశాబ్దాల తరబడి గమనిస్తూ వచ్చారు. పేదరికం, తల్లిదండ్రుల తాగుడు, మనోవ్యాధి వంటి అనేక కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో సుమారు మూడవ వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. అటువంటి వారికి తరచుగా తల్లిదండ్రులు కాక, తమను పట్టించుకున్న పెద్దమనిషి ఒకరైనా ఉన్నారు. ఒక తాత, ఒక పొరుగింటి ఆమె, లేదా ఒక ఉపాధ్యాయుడు. నాకు పక్కింటి పెద్దమ్మ వసారా ఉండేది. ఏమీ అడగకుండా చాప పరిచేది. ఆ పిల్లవానికి నేను కావలసింది. నేను బెత్తం పట్టుకొని నిలబడ్డాను.

వాడు 1992 వేసవి సెలవుల తరువాత బడికి రాలేదు. హాజరుపట్టీలో కొన్నాళ్ళు గైరుహాజరు వేసి, తరువాత నియమం ప్రకారం ఎర్ర సిరాతో పేరు కొట్టివేశాను. ఆ ఏడాది చివర్లో మా బడి ముందు నుంచి ఆడవారు అంగడి మీదికి ఊరేగింపుగా పోతుంటే అందులో వాడి తల్లి కనిపించింది. పిల్లవాడేడమ్మా అని అడిగాను. "బెంగుళూరులో హోటలు పనికి పోయినాడయ్యా. అంగడి మూయించేదాకా వాడు ఆగలేకపోయినాడు" అని, వెనుకవాళ్ళు తోస్తుంటే ముందుకు సాగిపోయింది. ఆమెకు నేనేమీ చెప్పలేకపోయాను.

వాడిప్పుడు నలభై అయిదు దాటినవాడై ఉంటాడు. వానికి నేను ఒక జవాబు బాకీ ఉన్నాను. భారతంలో శుక్రుడు మళ్ళీ తాగినట్లు లేదు కనుక, పండితుడిగా 'తాగలేదు' అనడమే నా ధర్మం. కానీ వాడు అడిగింది శుక్రుని గురించి కాదు. అందుకని ఆ రోజు వాడి పక్కన బల్ల మీద కూర్చొని చెప్పవలసిన మాట ఇప్పుడు ఇక్కడ రాసి పెడుతున్నాను.

తాగి ఉండవచ్చు నాయనా. చాలామంది తాగుతారు. అలా జరిగితే అది నీవల్ల కాదు. ఆ ఒట్టు తప్పినందుకు నీ నెత్తికి ఏమీ కాదు. కొంచెంసేపు పడుకో, గంట కొట్టినప్పుడు లేపుతాను.

మిత్రులలో ఇంకా బడిపంతుళ్ళుగా ఉన్నవారు ఎవరైనా ఉంటే, మధ్యాహ్నం తరగతిలో నిద్రపోయే పిల్లవాణ్ణి లేపే ముందు ఈ ముసలి మాస్టారిని ఒకసారి తలచుకోండి.

సెలవు.